"ఫిల్టర్ మార్చాల్సిందేనా అయ్యగారూ?"



పోయిన వారం యౌవనస్థుల కూడిక అయిపోయాక ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. కొత్తగా సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. సర్వీసింగుకు ఇస్తే మెకానిక్కు పెద్ద చీటీ రాసిచ్చాడట. అందులో ఫ్యూయల్ ఫిల్టర్ కూడా ఉంది. "ఇది ఊరికే డబ్బులు గుంజేదానికేమో అని అనుమానం. బండి బాగానే పోతాండాది కదా. ఫిల్టర్ మార్చాల్సిందేనా అయ్యగారూ?" అని అడిగాడు.

ఆ మాట వినగానే మా గుండెలో ఏదో కలుక్కుమంది. ఎందుకంటే రెండేళ్ల కిందట అదే ప్రశ్న అవే మాటలతో మేమూ ఒకరిని అడిగాము. మాకు వచ్చిన జవాబును పెడచెవిన పెట్టాము. దాని వల్ల మన సంఘంలో ఒక బిడ్డకు తీర్చలేని నష్టం జరిగింది. ఈ సంగతి ఆ కుటుంబానికి చెప్పాము, సంఘపెద్దలకు చెప్పాము గాని మీ అందరికీ ఇంతవరకు చెప్పలేదు. ఆ బిడ్డ అనుమతి తీసుకొనే ఈరోజు రాస్తున్నాము.

ముందుగా తమ్ముడు అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పి, ఆ తర్వాత మా సంగతి చెబుతాము.

అన్ని బండ్లకూ ఒకే జవాబు లేదు. మీది పెట్రోలు బండా, డీజిలు బండా అన్నది మొదటి మాట. ఈ మధ్య వచ్చే చాలా పెట్రోలు కార్లలో ఫిల్టర్ ట్యాంకు లోపలే, పెట్రోలు పంపుతో కలిసి ఉంటుంది. అలాంటి వాటికి ఇన్ని కిలోమీటర్లకు మార్చాలి అని చాలా కంపెనీల పుస్తకాల్లో అంకె ఉండదు. పంపు అరిగినప్పుడో, ట్యాంకులో చెత్త చేరినప్పుడో మారుస్తారు. కాబట్టి పెట్రోలు కారుకు ప్రతి సర్వీసులోనూ ఫిల్టర్ మార్చాలని ఎవరైనా అంటే, బండితో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ చూపించమని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. పాత కార్బురేటర్ బండ్లలో అయితే పైపు మధ్యలో చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ ఉంటుంది. అందులో మురికి కంటికే కనిపిస్తుంది, ఖరీదూ తక్కువే. అది నల్లబడితే తీసేసి కొత్తది వేయించుకోండి.

ఇంకొక మాట. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. పాత ట్యాంకు గోడలకు పట్టిన జిడ్డునూ కరిగించి కదిలిస్తుంది. కాబట్టి పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లు, బండిని నెలల తరబడి నిలిపి ఉంచేవాళ్లు ఒక కన్ను వేసి ఉంచడం మంచిది.

డీజిలు బండి సంగతి వేరు. దానికి ఫిల్టర్ మార్చడం తప్పనిసరి. చాలా బండ్ల పుస్తకాల్లో 20,000 నుంచి 40,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె రాసి ఉంటుంది. దుమ్ము ఎక్కువ ఉండే చోట ఇంకా ముందే మార్చమంటారు. మన అనంతపురం దుమ్ము గురించి మీకు మేము చెప్పాలా? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల ఇది. ఆషాఢ మాసం గాలికి దుక్కి దున్నిన చేను లేచి మన ఇంట్లోకే వస్తుంది కదా.

డీజిలుకు ఎందుకింత కట్టుదిట్టం అంటే, ఇప్పటి డీజిలు ఇంజన్లలో ఇంధనాన్ని వెయ్యి బార్ల పైచిలుకు, కొన్నింటిలో రెండు వేల బార్ల దాకా ఒత్తిడితో చిమ్ముతారు. మన కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల చుట్టూ ఉంటుంది. పోల్చి చూసుకోండి. అలా చిమ్మే ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం ఇంచుమించు డెబ్భై మైక్రాన్లు. అంటే కంటికి కనపడని ఇసుక నలుసు కూడా అక్కడికి పోతే గీకేస్తుంది. నీళ్లు పోతే తుప్పు పడుతుంది. అందుకే డీజిలు ఫిల్టర్‌కు రెండు పనులు: నలుసును ఆపడం, నీళ్లను వేరు చేయడం. నీళ్లు డీజిలు కంటే బరువు గనక ఫిల్టర్ అడుగుకు దిగుతాయి. ఆ నీళ్లు వదిలేదానికి చాలా బండ్లలో కింద ఒక చిన్న మర ఉంటుంది. నీళ్లు నిండితే డాష్‌బోర్డులో పసుపుపచ్చ దీపం వెలుగుతుంది.

ఇప్పుడు మా సంగతి.

మన సంఘానికి ఉన్న పాత డీజిలు జీపు మీకందరికీ తెలుసు. పల్లె కూడికలకు, ఆసుపత్రికి, పెళ్లిళ్లకు, చావులకు అదే దిక్కు. కళ్యాణదుర్గంలో ఒక ముసలి మెకానిక్ భాయ్ దాన్ని చూస్తుంటాడు. ఆయన మన సంఘస్థుడు కాదు, మన విశ్వాసమూ కాదు. కానీ మా దగ్గర ఎప్పుడూ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. ఒక సర్వీసులో ఆయన, "పాస్టరు సార్, డీజిల్ ఫిల్టర్ మార్చాల. పుస్తకంలో ఇరవై వేలు అని ఉండాది, మీది ముప్పై దాటింది" అన్నాడు. మేము, "మార్చాల్సిందేనా భాయ్? బండి బాగానే పోతాంది కదా" అన్నాము. ఆయన నవ్వి, "బాగా పోయేటప్పుడు మారిస్తేనే అది మార్చినట్లు సార్. నిలిచిపోయినాక మారిస్తే అది రిపేరీ" అన్నాడు. వచ్చే తూరి చూద్దాంలే అన్నాము. వచ్చే తూరి కూడా ఆయన అదే చెప్పాడు, మేమూ అదే అన్నాము.

డబ్బు లేక కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాస్తాము. ఆ ఏడు కోతకాల పండుగలో మీరు జీపు మరమ్మతు కోసమని ప్రత్యేకంగా కానుక ఇచ్చారు. కూలికి పోయే తల్లులు కూడా కొంగు ముడి విప్పి ఇచ్చారు. ఆ సమయంలోనే మందిరంలో మైకుసెట్టు ఆంప్లిఫయరు పాడైంది. క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఫిల్టర్ ఎవరికీ కనపడదు, మైకు అందరికీ వినపడుతుంది. జీపు డబ్బులో ఎక్కువ భాగం మైకుసెట్టుకు పెట్టాము. అదీ దేవుని పనే కదా అనుకున్నాము. మీరు ఒక పనికి ఇచ్చినదాన్ని మిమ్మల్ని అడగకుండా వేరే పనికి మళ్లించడం తప్పని అప్పుడు మాకు తోచలేదు.

ఆ తర్వాత నెలకు ఒకరోజు పల్లెలో కూడిక ముగించుకొని వస్తుంటే డీజిలు తక్కువైంది. దారిలో ఒక చేను దగ్గర ట్రాక్టరు డ్రమ్ములోంచి పది లీటర్లు పోయించుకున్నాము. ఆరుబయట ఎండకూ మంచుకూ పడి ఉన్న డ్రమ్ము అది. గరాటులో గుడ్డ వేయాలని ఎవరికీ గుర్తు రాలేదు. రెండు రోజులకు ఆ పసుపుపచ్చ దీపం వెలిగింది. ఆర్పి మళ్లీ స్టార్టు చేస్తే కాసేపు పోయి మళ్లీ వచ్చింది. జీపు తోలే తమ్ముడు, "సెన్సర్ వైరు లూజయింటాది అయ్యగారూ" అన్నాడు. మాకూ ఆ మాటే కావలసి ఉండింది. నమ్మేశాము.

మన సంఘంలో ఒక అవ్వ ఉండేది. వాళ్లాయన పోయాక కొడుకును ఒక్కతే పెంచింది. వేరుశనగ పండని ఏండ్లలో ఊరంతా వలస పోతుంటే ఆమె మాత్రం ఇల్లు విడిచి పోలేదు. కొడుకు బెంగుళూరుకు పోయి జేసీబీ తోలడం నేర్చుకున్నాడు. నెలనెలా డబ్బు పంపేవాడు. అవ్వ దాంట్లోంచి మొదట దశమభాగం తీసి పక్కన పెట్టి మిగతాది లెక్క చూసుకునేది. డిసెంబరులో ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రిలో చూపించి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె అడిగింది ఒక్కటే: "నా కొడుకును చూస్తా."

ఫోను చేస్తే ఆ బిడ్డ ఉన్నవాడు ఉన్నట్లే బయలుదేరాడు. రాత్రి హైదరాబాదు పోయే బస్సు దొరికింది, అనంతపురంలో దిగుతానన్నాడు. ఆ వేళకు అక్కడి నుంచి మన ఊరికి బస్సు లేదు. మేము వస్తాము నాయనా అని మాట ఇచ్చాము. అమ్మగారిని అవ్వ దగ్గర కూర్చోబెట్టి, మేమూ ఆ తమ్ముడూ జీపు తీసుకొని పోయాము. పోయేటప్పుడు ఎత్తు ఎక్కే చోట బండి రెండుసార్లు ఊపిరాడనట్లు గుంజింది. దీపం వెలుగుతూనే ఉంది. ప్రార్థన చేసుకుంటూ పోయాము. ఒంటిగంటకు ఆ బిడ్డను ఎక్కించుకొని తిరిగాము.

ఆత్మకూరు దాటిన తర్వాత బండి నిలిచిపోయింది. చలికాలం, చుట్టూ చీకటి. దూరంగా గాలిమరల మీద ఎర్రదీపాలు తప్ప వెలుతురు లేదు. ఫిల్టర్ పైన ఉండే చేతిపంపు కొట్టి కొట్టి స్టార్టు చేస్తే రెండు కిలోమీటర్లు పోయింది, మళ్లీ ఆగింది. మళ్లీ కొట్టాము. ఈసారి అర కిలోమీటరు. ఆ తర్వాత పలకలేదు.

అప్పుడు ఆ బిడ్డ సెల్‌ఫోను లైటు పెట్టుకొని బానెట్ ఎత్తాడు. యంత్రాలతో బతికేవాడు కదా, చెయ్యి నేరుగా ఫిల్టర్ అడుగున ఉన్న మర మీదికే పోయింది. అది కదల్లేదు. "పటకారు ఉందా అయ్యగారూ?" అన్నాడు. సామాను సంచి మందిరం షెడ్డు కట్టేటప్పుడు దించి అక్కడే మరిచిపోయాము. చొక్కా కొంగు చుట్టి తిప్పాడు. వేళ్లు కమిలిపోయాయి గాని మర రాలేదు. అప్పుడు తల ఎత్తకుండానే అడిగాడు: "ఫిల్టర్ ఎప్పుడు మార్పించినారు?"

ప్రియులారా, ఆ క్షణంలో మేము నిజం చెప్పి ఉండవచ్చు. "ఈ మధ్యనే మార్పించినాము నాయనా" అన్నాము.

ఆ బిడ్డ ఏమీ అనలేదు. బానెట్ మూసి రోడ్డు మధ్యలో నిలబడి, వచ్చిన ప్రతి లారీకీ చెయ్యి ఎత్తాడు. ఆ వేళలో ఎవరు ఆపుతారు? నాలుగు దాటాక అనంతపురం మార్కెట్టులో టమోటా దించి తిరిగి పోతున్న ఒక ట్రాలీ బండి ఆగింది. వెనక ఖాళీ బాక్సుల మధ్య కూర్చొని ఇల్లు చేరేసరికి తెల్లవారుతోంది. వీధి మొదట్లోనే ఏడుపు వినిపించింది. అవ్వ నాలుగున్నరకు ప్రభువు నొద్దకు వెళ్లిపోయిందట. చివరి దాకా తలుపు వైపే తల తిప్పి పడుకొని ఉండిందని అమ్మగారు చెప్పింది.

సమాధి కార్యక్రమంలో మేము ప్రసంగించాము. ప్రతిదానికి సమయము కలదని ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయంలోంచి చెప్పాము. తల్లీకొడుకులు కలవకపోవడం కూడా దేవుని చిత్తమేనని, మనకు అర్థం కాని కార్యములు ఆయన చేస్తాడని చెప్పాము. జనం తలలు ఊపారు, కొందరు ఏడ్చారు. కొడుకు మాత్రం మట్టి వైపే చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి రోజు మెకానిక్ భాయ్ జీపును తాడు కట్టించి షెడ్డుకు తీసుకుపోయాడు. ఫిల్టర్ విప్పి, దానిలో ఉన్నదాన్ని ఒక గాజు సీసాలో పోసి మా ముందు పెట్టాడు. కాసేపటికి అది రెండుగా విడిపోయింది. పైన డీజిలు, కింద నీళ్లు. నీళ్ల అడుగున నల్లని బురద. సీసాలో సగం దాకా నీళ్లే. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "ఫిల్టర్ దాని పని అది చేసింది సార్. మోయగలిగినంత మోసింది. ఇంక మోయలేక నిలిచిపోయింది. అది నిలవకపోయుంటే ఈ నీళ్లన్నీ ఇంజెక్టర్లలోకి పోయిండు" అన్నాడు.

ఆ సీసా మేము అడిగి ఇంటికి తెచ్చుకున్నాము. రాత్రి నిద్ర పట్టలేదు. అపవాది ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్న సంగతి మత్తయి 4వ అధ్యాయంలో ఉంది కదా. దేవుడు కాపాడతాడు గనక దూకు అన్నాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదు అన్నాడు. మేమేమి చేశాము? దీపం వెలుగుతుంటే ప్రార్థన చేసుకుంటూ దూకాము. చేతిలో ఉన్న పని చేయకుండా ప్రార్థన చేయడం విశ్వాసం అనుకున్నాము. పడ్డాక దానికి దేవుని చిత్తం అని పేరు పెట్టాము. అవ్వ ఏ గడియకు వెళ్లాలో అది ప్రభువు చేతిలో ఉండింది, అది నిజం. కానీ ఆ గడియకు ఆమె కొడుకు పక్కన లేకపోవడం మా నిర్లక్ష్యం. మా తప్పును దేవుని మీద వేసి, అదీ సమాధి దగ్గర, వాక్యం చేతిలో పట్టుకొని చెప్పాము. ఫిల్టర్ మార్చకపోవడం కంటే, ఆ రాత్రి అబద్ధం కంటే కూడా ఇది పెద్ద పాపమని ఆ రాత్రి మాకు తెలిసింది.

మూడవ దినం ఆదరణ కూడికకు ముందు ఆ బిడ్డను పక్కకు పిలిచాము. నోరు ఎండిపోయింది. "నాయనా, ఫిల్టర్ మార్చలేదు. రెండుసార్లు మార్చమని చెప్పినా మార్చలేదు. ఆ డబ్బు వేరేదానికి పెట్టాము. దీపం వారం నుంచి వెలుగుతుండింది. నీతో అబద్ధం చెప్పాము. మమ్మల్ని క్షమించు" అన్నాము.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసు అయ్యగారూ" అన్నాడు. "ఆ మర తుప్పు చూసినప్పుడే తెల్సె. ఈ మధ్య విప్పిన మర అట్ల ఉండదు. బండెక్కిన కాణ్ణించి దీపం కూడా చూస్తానే ఉంటి. మీరు చెప్తారా చెప్పరా అని చూస్తి. సమాధి కాడ మీరు దేవుని చిత్తం అంటాంటే ఇంగ నేను మందిరానికి రాకూడదనుకుంటి."

ఇంకేమి చెప్పగలము? తల దించుకొని నిలబడ్డాము. అతను లోపలికి పోయి కూర్చున్నాడు. ఆదరణ కూడికలో మేము ప్రసంగం చేయలేదు. సంఘపెద్దతో వాక్యం చదివించాము. బెంగుళూరుకు పోయే రోజు పొద్దున్నే ఆ బిడ్డ మా ఇంటికి వచ్చాడు. చేతిలో కొత్త పటకారు, పానా ఉన్నాయి. జీపు బానెట్ ఎత్తమన్నాడు. కింద సీసా పెట్టి, మర ఎంత తిప్పాలి, నీళ్లు పోయి మంచి డీజిలు వచ్చేదాకా ఎట్లా చూడాలి, మళ్లీ ఎట్లా బిగించాలి, చేతిపంపుతో గాలి ఎట్లా తీయాలి అని మాతోనే చేయించాడు. అయిదు నిమిషాల పని. "ఇంగొకరి తల్లికి ఇట్ల కాకూడదు" అన్నాడు. అంతే. క్షమించాను అనే మాట అతను అనలేదు. మేమూ అడగలేదు. పోయిన ఈస్టరుకు మాత్రం మందిరంలో వెనక వరుసలో కూర్చొని ఉన్నాడు.

ప్రియులారా, మన చీనీ తోటల రైతులకు ఫిల్టర్ సంగతి మేము నేర్పాల్సిన పని లేదు. 2003లో బిందుసేద్యం పథకం వచ్చినప్పటి నుంచి మన జిల్లాలో బోరు దగ్గర స్క్రీన్ ఫిల్టర్ లేని తోట అరుదు. దాన్ని విప్పి కడగకపోతే ఏమవుతుంది? మొదటి రోజు ఏమీ కాదు. వారానికీ ఏమీ కాదు. చివరి వరసలో చెట్లకు నీళ్లు తగ్గుతాయి. మనం మొదటి వరసలో నిలబడి చూస్తే అంతా బాగానే ఉన్నట్లు కనపడుతుంది. ఎండేది చివరి చెట్టు. మా నిర్లక్ష్యానికి ఎండింది మేము కాదు, చివరి వరసలో ఉన్న ఒక తల్లి, ఒక కొడుకు.

ఇస్సాకు కూడా కరువు సీమలోనే కాపురం చేశాడు. ఆదికాండము 26వ అధ్యాయం చదవండి. తండ్రి తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టి పోసి పూడ్చేశారు. ఇస్సాకు వాటిని మళ్లీ తవ్వించాడు. బావి ఉండడం వేరు, బావిలో పూడిక తీయడం వేరు. మన పూర్వికులు తవ్విన చెరువులు మనకు ఉన్నాయి, పూడిక తీయకపోతే వాన పడినా నీళ్లు నిలవవు. రక్షణ పొందిన దినం ఉంది గదా అని హృదయాన్ని ఏళ్ల తరబడి విప్పి చూడకపోతే అదీ అంతే.

కొందరు, ఇప్పుడు వచ్చే డీజిలు శుభ్రమైనది కదా అంటారు. నిజమే, 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 ఇంధనం వచ్చింది. గంధకం పది లక్షల భాగాలకు 50 భాగాల నుంచి 10 భాగాలకు తగ్గింది. కానీ తగ్గింది గంధకం. ట్యాంకులో పట్టే చెమ్మ, మనం డ్రమ్ములోంచి పోసుకున్న దుమ్ము తగ్గలేదు. మంచి సంఘంలో ఉన్నాము, మంచి వాక్యం వింటున్నాము గనక మన లోపల ఏమీ చేరదు అనుకోవడం కూడా ఇలాంటిదే. పైనుంచి వచ్చేది శుద్ధమైనదే. చేరేది మన ట్యాంకులో.

మత్తయి 23వ అధ్యాయంలో ప్రభువు దోమను వడకట్టి ఒంటెను మింగేవారి గురించి చెప్పాడు. ఆ కాలంలో భక్తిపరులు ద్రాక్షారసాన్ని గుడ్డతో వడకట్టుకొని తాగేవారు, అపవిత్రమైన చిన్న పురుగు కూడా గొంతులోకి పోకూడదని. ప్రభువు వడకట్టడాన్ని తప్పు పట్టలేదు. చిన్నవి చేస్తూ పెద్దవి విడిచిపెట్టినందుకు గద్దించాడు. న్యాయము, కనికరము, విశ్వాసము వదిలేశారు అన్నాడు. మేము దోమనూ వడకట్టలేదు, ఒంటెనూ ఆపలేదు. మన అవ్వలు బిందె మూతికి పాత చీర పేగు కట్టి నీళ్లు పట్టేవాళ్లు. నెలకోసారి ఆ గుడ్డను ఉతికేవాళ్లు. గుడ్డ ఉతకకపోతే వడకట్టేదే మురికి చేస్తుందని వాళ్లకు తెలుసు.

సేవకులైన మా సహోదరులకు ఒక మాట. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు పెద్దలకు చెప్పిన క్రమం గమనించండి. మొదట మిమ్మును గూర్చి, తర్వాత మందను గూర్చి జాగ్రత్త పడమన్నాడు. మనలో వెలుగుతున్న దీపాన్ని ఎవరైనా చూపిస్తే, అది సెన్సర్ తప్పు అనుకోవద్దు. భార్య చెప్పవచ్చు, సంఘంలో చిన్నవాడు చెప్పవచ్చు, మన విశ్వాసం కాని మెకానిక్ కూడా చెప్పవచ్చు.

ఇప్పుడు మందిరం రిజిస్టరులో జీపుకు ఒక పేజీ ఉంది. ఫిల్టర్ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాస్తాము. నీళ్లు ఎప్పుడు వదిలారో రాస్తాము. మైకుసెట్టుకు పెట్టిన జీపు డబ్బును మా సొంత డబ్బులోంచి నాలుగు నెలల్లో తిరిగి కట్టాము, పెద్దలు సంతకం చేశారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు. బండిలో సామాను సంచి ఉంది, అందులో ఆ బిడ్డ ఇచ్చిన పటకారు ఉంది. ఒక కొత్త ఫిల్టర్ కూడా ఉంచుతున్నాము.

మీకూ కొన్ని మాటలు. డీజిలు బండి, ట్రాక్టరు ఉన్నవాళ్లు పుస్తకంలో ఉన్న అంకెను గోడ మీద రాసుకోండి. డ్రమ్ములోంచి పోసేటప్పుడు గరాటులో శుభ్రమైన గుడ్డ వేయండి, అడుగున ఉన్నది పోయకండి. దీపం వెలిగితే ఆరోజే చూపించండి. పెట్రోలు మీద అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగండి. కాగితం మీద ఒక చుక్క వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి. అడిగే హక్కు మనకు ఉంది. తమ్ముడూ, నీది డీజిలు కారే గనక మార్పించుకో నాయనా. ఇంకొకసారికి వాయిదా వేయకు.

ఈ వారం మీ ఇంట్లో ఒక పని చేయండి. వాయిదా వేసిన చిన్న పని ఒకటి, చెప్పకుండా దాచిన నిజం ఒకటి, ఒక కాగితం మీద రాసి ప్రభువు ముందు పెట్టండి. ఆ నిజం ఎవరికి చెప్పాలో వాళ్ల దగ్గరికి పోయి చెప్పండి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం మన పాపాలను ఒకరితో ఒకరము ఒప్పుకొమ్మంటుంది. వాళ్లు వెంటనే క్షమిస్తారని మేము మాట ఇవ్వలేము. కానీ సీసాలో నీళ్లు కనిపిస్తేనే వదిలేయగలము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము వాయిదా వేసిన వాటిని మా ముందు పెట్టు. మా నిర్లక్ష్యానికి నీ పేరు పెట్టకుండా మా నోటికి కావలి ఉంచు. మా వల్ల నష్టపోయిన వారిని నీవే ఆదరించు. తల్లి ముఖం చూడలేకపోయిన ఆ బిడ్డను, అతని కుటుంబాన్ని, ఊరు విడిచి దూర ప్రాంతాల్లో కష్టపడుతున్న మా బిడ్డలందరినీ నీ రెక్కల నీడలో దాచు. మా హృదయాలను విప్పి, కడిగి, మళ్లీ నీ పనికి బిగించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మా కొరకు, మన పల్లె సంఘాల కొరకు ప్రార్థించండి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత జీపు దగ్గర నీళ్లు వదలడం ఎట్లాగో చూపిస్తాము. బండ్లు ఉన్న తమ్ముళ్లు, ట్రాక్టర్లు ఉన్న అన్నలు ఆగండి.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.